టర్బో 400కి కూలర్ లైన్ ఎంత సైజు వెయ్యాలి: డాష్ 6, డాష్ 8, డాష్ 10

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టర్బో 400 ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్), ఇంజిన్ తోస్తున్నా కారును కదలకుండా ట్రాన్స్‌మిషన్‌లోనే పట్టి ఉంచే ట్రాన్స్‌బ్రేక్, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా ట్రాన్స్‌మిషన్‌కి అందించే కన్వర్టర్, అది స్టాల్ అయ్యేది, అంటే కారు కదలకుండా ఇంజిన్ ఎక్కగలిగేది 4,800 ఆర్‌పీఎం దాకా, క్వార్టర్ మైలు తొమ్మిదిన్నర సెకన్లలో పోయే డ్రాగ్ రేసు కారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌ను ముందు రేడియేటర్ దగ్గర్నుంచి తీసి వెనక డిక్కీ కింద ఫ్యాన్‌తో పెడుతున్నారు. ఇప్పుడున్నవి 5/16 అంగుళం స్టీలు గొట్టాలు. హోస్ సైజు నంబర్లలో ఒకాయన డాష్ 6 చాలన్నాడు, ఇంకొకాయన ఎటూ డబ్బులు పెడుతున్నావు కదా డాష్ 10 వేసెయ్ అన్నాడు, మీకు ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

డాష్ 8 వెయ్యండి. పోయే లైనూ వచ్చే లైనూ రెండూ అదే సైజు. ఇంతవరకే కావాలంటే ఇక్కడితో ఆపేయొచ్చు, కానీ దయచేసి ఆపకండి. డాష్ 8 గొట్టం కొని దాని రెండు చివర్లా సన్న అడాప్టర్లు బిగించి, డాష్ 6 కంటే అధ్వాన్నంగా పనిచేయించుకుంటున్న కార్లు నేను చాలా చూశాను. గొట్టం మీద రాసి ఉన్న నంబర్ కాదు, ట్రాన్స్‌మిషన్ నుంచి బయల్దేరిన ఆయిల్ తిరిగి ట్రాన్స్‌మిషన్‌లోకి చేరేదాకా దారిలో ఎక్కడెక్కడ ఎంత ఇరుకు ఉందో అదే లెక్క.

చాలామంది కూలర్ లైన్ అంటే చల్లబరిచే పని ఒక్కటే అనుకుంటారు. ఆ ఆయిల్ ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతోందో చూడండి. పంప్ నుంచి బయల్దేరిన ఆయిల్ ప్రెజర్ రెగ్యులేటర్ దాటి కన్వర్టర్‌లోకి వెళ్తుంది, కన్వర్టర్ నుంచి బయటికి వచ్చి కూలర్‌కి పోతుంది, కూలర్ నుంచి తిరిగొచ్చిన ఆయిలే లూబ్ సర్క్యూట్‌లోకి వెళ్లి బుష్‌లకీ (షాఫ్టులు తిరిగే లోహపు తొడుగులు), థ్రస్ట్ వాషర్లకీ, ప్లానెటరీ గేర్లకీ అందుతుంది. అంటే మీ కూలర్ లైన్ ట్రాన్స్‌మిషన్‌కి రక్తనాళం లాంటిది. అది ఇరుకైతే ఆయిల్ వేడెక్కడం తర్వాత సంగతి, ముందు లోపలి బుష్‌లకి తడి తగ్గుతుంది. ఇంకోవైపు కన్వర్టర్ నుంచి ఆయిల్ బయటికి పోవడానికి దారి ఇరుకై కన్వర్టర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది, అది కన్వర్టర్‌ను ముందుకు తోస్తుంది, ఆ తోపు చివరికి ఇంజిన్ క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. థ్రస్ట్ బేరింగ్ ఊరికే అరిగిపోతోందని ఇంజిన్ కట్టినవాణ్ణి తిట్టుకునేవాళ్లు ఒకసారి కూలర్ సర్క్యూట్‌లో గేజ్ పెట్టి చూసుకోవాలి.

ఇప్పుడు వేడి సంగతి. డ్రాగ్ కారులో వేడి పుట్టే తీరు రోడ్డు కారు కంటే పూర్తిగా వేరు. ట్రాన్స్‌బ్రేక్ మీద కారు కదలకుండా నిలబడి ఉంది, ఇంజిన్ 4,800 దగ్గర తోస్తోంది. చక్రాలకి ఏమీ పోవడం లేదు కాబట్టి ఇంజిన్ ఇచ్చే శక్తి అంతా కన్వర్టర్‌లోని ఆయిల్‌ను చిలికి వేడిగా మారుతుంది. ఆ ఆర్‌పీఎం దగ్గర మీ ఇంజిన్ 300 హార్స్‌పవర్ ఇస్తోందనుకోండి, అంటే దాదాపు 224 కిలోవాట్లు. మూడు సెకన్లు పట్టుకుంటే 670 కిలోజౌళ్లు. కన్వర్టర్‌లో 4 లీటర్ల ఆయిల్ ఉందనుకుంటే, ఆ వేడంతా దానికే పోతే మూడు సెకన్లలో 90 డిగ్రీల సెల్సియస్ పైన పెరుగుతుంది. నిజానికి కొంత కన్వర్టర్ ఇనుము పీల్చుకుంటుంది, కొంత ఆయిల్ కదిలి పోతుంది, అయినా 70 దగ్గర మొదలైన ఆయిల్ 140 దాటడానికి పెద్ద టైమ్ పట్టదని అర్థమవుతోంది కదా. స్టార్టింగ్ లైట్ల దగ్గర పక్క కారు వాడు లేట్ చేస్తుంటే ట్రాన్స్‌బ్రేక్ నొక్కి పట్టుకుని కూర్చోవద్దని నేను అందరికీ చెప్పేది అందుకే.

మరి ఆ వేడిని కూలర్ అప్పటికప్పుడు తీసేస్తుందా? తియ్యలేదు. కూలర్ సర్క్యూట్‌లో నిమిషానికి 7.5 లీటర్లు, అంటే రెండు గ్యాలన్లు పారుతున్నాయనుకోండి. పది సెకన్ల రన్‌లో కూలర్ గుండా పోయేది లీటరుంపావు మాత్రమే. రన్ అయ్యేటప్పుడు ఎంత పెద్ద కూలర్ ఉన్నా, ఎంత లావు లైన్ ఉన్నా వేడి విషయంలో పెద్ద తేడా రాదు. కూలర్ తన పని చేసేది రన్ అయ్యాక, తిరిగి పిట్‌కి వచ్చే దారిలో, పిట్‌లో ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు. రన్ జరుగుతున్న పది సెకన్లలో లైన్ చెయ్యాల్సిన పని ఒకటే, లూబ్‌కి అడ్డం రాకుండా ఉండడం. ఈ రెండు పనులూ వేరని గుర్తుపెట్టుకుంటే సైజు ఎంచుకోవడం తేలిక.

డాష్ నంబర్ల గురించి కూడా చెప్పాలి, సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. డాష్ నంబర్ అంటే దానికి సమానమైన లోహపు గొట్టం బయటి వ్యాసం, అంగుళంలో పదహారో వంతుల్లో. డాష్ 6 అంటే 6/16, అంటే 3/8 అంగుళం. డాష్ 8 అంటే అర అంగుళం. డాష్ 10 అంటే 5/8. ఇది బయటి కొలత. లోపలి రంధ్రం దీనికంటే తక్కువ: మామూలు రబ్బరు అల్లిక హోస్‌లో డాష్ 6కి సుమారు 0.34 అంగుళం, డాష్ 8కి 0.44, డాష్ 10కి 0.56. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది, టెఫ్లాన్ హోస్ అయితే ఇంకొంచెం తక్కువే. మీ పాత 5/16 స్టీలు గొట్టం లోపలి రంధ్రం పావు అంగుళమే.

0.34కీ 0.44కీ చూడ్డానికి పెద్ద తేడా లేదు, చిటికెన వేలు పెట్టి చూస్తే తెలియను కూడా తెలియదు. కానీ చిక్కటి ఆయిల్ గొట్టంలో నెమ్మదిగా పారేటప్పుడు ఒత్తిడి నష్టం లోపలి వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. వ్యాసం రెట్టింపైతే నష్టం పదహారో వంతుకి పడిపోతుంది. ఈ లెక్కన డాష్ 6 నుంచి డాష్ 8కి మారితే అదే ఫ్లో దగ్గర నష్టం దాదాపు మూడో వంతుకి దిగుతుంది. మీ 5/16 నుంచి డాష్ 8కి వస్తే తొమ్మిది పది రెట్లు తగ్గుతుంది.

మీ కారుకే లెక్క వేసి చూపిస్తాను. కూలర్ వెనక పెడుతున్నారు కాబట్టి పోనూ రానూ కలిపి 5 మీటర్ల లైన్ అనుకుందాం. ఆయిల్ 40 డిగ్రీల దగ్గర, అంటే ఇంకా వెచ్చబడకుండా చిక్కగా ఉంది. నిమిషానికి 7.5 లీటర్లు. 5/16 గొట్టంలో ఒత్తిడి నష్టం సుమారు 65 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). డాష్ 6లో 20. డాష్ 8లో 7. డాష్ 10లో మూడు కంటే తక్కువ. అదే ఆయిల్ 100 డిగ్రీలకి చేరితే నీళ్లలా పల్చబడుతుంది, అప్పుడు డాష్ 6లో నాలుగు నుంచి ఏడు మధ్య, డాష్ 8లో ఒకటిన్నర దగ్గర ఉంటుంది. ఇవి నున్నటి తిన్నని గొట్టానికి లెక్కలు, వంపులూ ఫిట్టింగులూ కూలర్ ఇంకా కలపలేదు. 65 పీఎస్ఐ వచ్చిన చోట నిజంగా అంత రాదు, అంతకంటే ముందే ఫ్లో పడిపోతుంది. అదే కదా మనకి వద్దంటున్నది.

ఈ అంకెల్లో మీరు చూడాల్సింది రెండు. 5/16 నుంచి డాష్ 6కి మారితే వచ్చే లాభం పెద్దది, డాష్ 6 నుంచి డాష్ 8కి కూడా మీలాగా పొడవు లైన్ ఉన్నప్పుడు గట్టి లాభమే, డాష్ 8 నుంచి డాష్ 10కి మిగిలేది నాలుగు పీఎస్ఐ, అదీ చల్లటి ఆయిల్‌లో. వేడెక్కాక ఒకటి కూడా మిగలదు. ఇంకోటి, ఇదంతా పొడవుకి నేరుగా లింకు. కూలర్ ముందే ఉండి, మొత్తం లైన్ రెండు మీటర్లు దాటకుండా, పన్నెండు సెకన్ల కారులో ట్రాన్స్‌బ్రేక్ లేకుండా నడిపేవాళ్లు డాష్ 6 వేసుకుంటే నేను వద్దనను. మీకు డాష్ 6 చాలన్న ఆయన కారు బహుశా అలాంటిదే అయ్యుంటుంది.

ఇక ఫిట్టింగులు. ఈ భాగం మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ఒక అడాప్టర్‌లో రంధ్రం పావు అంగుళం ఉందనుకోండి. ఆయిల్ అక్కడ సెకనుకి 4 మీటర్ల వేగం అందుకుని, మళ్లీ వెడల్పైన చోటికి వచ్చి నెమ్మదించాలి. అలాంటిది ఒక్కటి దాటితే పోయేది ఒకటిన్నర పీఎస్ఐ, పెద్ద విషయం కాదు. కానీ మీ సర్క్యూట్‌లో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి: ట్రాన్స్‌మిషన్ కేస్ దగ్గర రెండు, కూలర్ దగ్గర రెండు, మధ్యలో ఫిల్టర్ పెడితే ఇంకో రెండు. ఆరు చోట్ల ఒకటిన్నర చొప్పున 9 పీఎస్ఐ. 5 మీటర్ల డాష్ 8 గొట్టం మొత్తం తినేదానికంటే ఎక్కువ. పైగా ఇలాంటి ఇరుకు రంధ్రాల్లో నష్టం వేగానికి వర్గంలో పెరుగుతుంది, ఫ్లో రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లు, ఆయిల్ వేడెక్కి పల్చబడినా ఇది పెద్దగా తగ్గదు. అందుకే షాపుకి వెర్నియర్ పట్టుకెళ్లి ప్రతి ఫిట్టింగ్ రంధ్రం కొలిచి కొనండి. బయట డాష్ 8 మర (థ్రెడ్) ఉండి లోపల పెన్సిల్ పట్టనంత రంధ్రం ఉన్న ఫిట్టింగులు దొరుకుతాయి. తొంభై డిగ్రీలు తిరగాల్సిన చోట లోపల మూలగా డ్రిల్ చేసిన ఎల్బో కాకుండా, గొట్టాన్ని గుండ్రంగా వంచి చేసిన రకం తీసుకోండి.

కూలర్ కూడా అంతే. సన్నటి గొట్టం ఒక్కటే అటూ ఇటూ పాములా మెలికలు తిరిగి రెక్కలు అతికించిన రకం కూలర్‌కి 11/32 అంగుళం మూతులుంటాయి, దానికి డాష్ 8 తెచ్చి కలపడంలో అర్థం లేదు. మీరు పెడుతున్నది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన రకమని మీరు పంపిన ఫొటోలో కనిపిస్తోంది, అది మంచిది, అందులో ఆయిల్ ఒకేసారి చాలా దారుల్లో చీలి పారుతుంది కాబట్టి అడ్డం తక్కువ. దాని మూతులు డాష్ 8వేనా, మూతి లోపల కూడా అంత వెడల్పు ఉందా చూసుకోండి.

టర్బో 400 కేస్‌లోని కూలర్ పోర్టుల మర పావు అంగుళం పైపు మర, కానీ నేరు మర, కొస వైపు సన్నబడే టేపర్ రకం కాదు. ఇది చాలా ముఖ్యం. మామూలు టేపర్ పైపు ఫిట్టింగ్ అందులో మొదట చక్కగానే ఎక్కుతుంది, కారుతోందని ఇంకో పట్టు బిగిస్తారు, అల్యూమినియం కేస్ చిట్లుతుంది. కేస్ చిట్లితే మీ కూలర్ లైన్ ఖర్చు ట్రాన్స్‌మిషన్ ఖర్చవుతుంది. నేరు మర అడాప్టర్‌నే అడిగి తీసుకోండి, అది మరతో కాదు, వాషర్‌తోనో ఓ రింగ్‌తోనో సీల్ అవుతుంది. టేపర్ మర ఉన్న చోట్ల కూడా టెఫ్లాన్ టేప్ వద్దు, ద్రవంగా ఉండే సీలెంట్ వాడండి. టేప్ పోగు ఒకటి తెగి వాల్వ్ బాడీలోకి (గేర్లు మార్చే సన్నటి ఆయిల్ దారులుండే భాగం) పోతే వెతుక్కోలేం. డాష్ ఫిట్టింగుల ఫ్లేర్ మరలకి ఏదీ అక్కర్లేదు, ఒక చుక్క ఆయిల్ చాలు, అక్కడ సీల్ అయ్యేది 37 డిగ్రీల కోన్ దగ్గర. పాత కార్ల స్టీలు లైన్లకి ఉండే 45 డిగ్రీల ఫ్లేర్‌ను దీనికి కలపడానికి చూడకండి, బిగిసినట్టే ఉంటుంది, ట్రాక్ మీద వదులుతుంది.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను. నా కారుకి లైన్లన్నీ డాష్ 8 వేసుకున్నాను, ఫిట్టింగులు కొలిచి తెచ్చుకున్నాను, కూలర్ మంచిది, అన్నీ బాగున్నాయనుకున్నాను. మూడో వారాంతానికి ట్రాన్స్‌మిషన్ నుంచి సన్నగా ఒక కూత. విప్పితే బుష్ నీలంగా మారి ఉంది, దాని పక్కన షాఫ్ట్ మీద గీతలు. ఆయిల్ అందలేదని చూడగానే తెలుస్తోంది, ఎందుకు అందలేదో తెలియడం లేదు. కూలర్ మార్చాను. పంప్ చూశాను. చివరికి ఒక రాత్రి రిటర్న్ హోస్ విప్పి నోటితో ఊదాను, గాలి హాయిగా పోయింది. ఎందుకో తిప్పి రెండో చివర నుంచి ఊదాను, బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి పోలేదు. హోస్ చివర బ్లేడుతో పొడుగునా చీల్చి చూస్తే, లోపలి రబ్బరు నుంచి గోరంత ముక్క ఒకటి నెలవంకలా లేచి ఒక అంచుకి వేలాడుతోంది. హోస్ కోసేటప్పుడు అంచు శుభ్రంగా రాలేదు, ఫిట్టింగ్‌ను కాస్త ఏటవాలుగా తోశాను, దాని అంచు రబ్బరును చెక్కి లేపింది. ఆయిల్ పారే దిశలో ఆ ముక్క తలుపులా మూసుకుంటోంది. బయట నుంచి చూస్తే అద్భుతమైన డాష్ 8 లైన్. లోపల దారి లేదు.

అప్పటి నుంచి నేను అల్లిక హోస్ కోసే చోట టేప్ గట్టిగా చుట్టి, సన్నటి కటింగ్ డిస్క్‌తో నిటారుగా కోస్తాను. అంచు తుడిచి, లోపల ఆయిల్ రాసి, ఫిట్టింగ్‌ను తిన్నగా తోస్తాను. సాకెట్‌లోంచి హోస్ వెనక్కి జారుతోందేమో తెలియడానికి సాకెట్ అంచు దగ్గర మార్కర్‌తో గీత గీస్తాను. తయారైన ప్రతి లైన్‌లోంచీ ఫిట్టింగ్ రంధ్రం కంటే కాస్త చిన్న స్టీల్ బాల్ ఒకటి రెండు వైపుల నుంచీ దొర్లిస్తాను, రెండు వైపుల నుంచీ ఊదుతాను. కోసినప్పుడు పడిన దుమ్మూ తీగ ముక్కలూ పోయేదాకా సాల్వెంట్‌తో కడిగి గాలి కొడతాను. ఇదంతా ఒక లైన్‌కి పది నిమిషాల పని.

హోస్ రకం గురించి ఎక్కువ చెప్పను. టెఫ్లాన్ లోపలి గొట్టం, బయట స్టీల్ అల్లిక ఉన్నది నా ఎంపిక, 200 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది, రబ్బరులా గట్టిపడి పగలదు. ట్రాన్స్‌బ్రేక్ వదిలిన వెంటనే కన్వర్టర్ నుంచి బయటికి వచ్చే ఆయిల్ వేడి చూశాక మామూలు రబ్బరు హోస్ మీద నాకు నమ్మకం పోయింది. కాకపోతే టెఫ్లాన్ హోస్‌కి దాని ఫిట్టింగులే వాడాలి, రబ్బరు హోస్‌వి పట్టవు, దాన్ని ఇరుకు వంపుగా తిప్పితే మడత పడుతుంది, ఒకసారి మడత పడితే ఆ ముక్క పారేయడమే. పొడవు భాగానికి అర అంగుళం లోహపు గొట్టం వేసి రెండు చివర్లా మాత్రమే హోస్ పెట్టినా చాలా బాగుంటుంది, ఖర్చూ తక్కువే. ఇంజిన్ కదిలే కదలికకి గొట్టం విరగకుండా ట్రాన్స్‌మిషన్ వైపు ఒక అడుగైనా హోస్ ఉండాలి. ఎగ్జాస్ట్ హెడర్లకి దూరంగా, ఫ్లెక్స్‌ప్లేట్‌కీ (ఇంజిన్‌ను కన్వర్టర్‌కి కలిపే పలక) కన్వర్టర్‌కీ ఎదురుగా ఉండే వరసలోంచి తప్పించి, డ్రైవ్‌షాఫ్ట్ విరిగితే కొట్టే చోటికి పోకుండా తీసుకెళ్లండి. వేడి హెడర్ మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ చిమ్మితే మంటే. లైన్ క్యాబిన్‌లోంచి తీసుకెళ్లాలన్న ఆలోచన వస్తే మానుకోండి, ఫ్లోర్ కిందే పోనివ్వండి. కూలర్ లైన్ల గురించీ షీల్డ్ గురించీ మీ ట్రాక్ రూల్‌బుక్ ఏమంటోందో కొనేముందే చదవండి, టెక్ ఇన్‌స్పెక్షన్ దగ్గర వెనక్కి పంపితే ఆ రోజంతా పోతుంది.

డాష్ 10 సంగతి. చెడ్డది కాదు, మీకు అక్కర్లేదు అంతే. లాభం మూడు నాలుగు పీఎస్ఐ అని పైన చూశాం, దానికోసం బరువు, లావు, తిప్పడానికి కష్టం, కేస్ దగ్గరా కూలర్ దగ్గరా మళ్లీ సైజు తగ్గించే అడాప్టర్లు. ఆ అడాప్టర్లే లాభాన్ని తినేస్తాయి. కేస్ పోర్టులు, కూలర్ మూతులు అన్నీ డాష్ 10కి తయారుచేసిన పెద్ద పవర్ కార్ల లెక్క వేరు. ఒక మాట మాత్రం, మీ ట్రాన్స్‌మిషన్ కట్టినాయన పంప్‌లో కన్వర్టర్ ఫీడ్ రంధ్రాలు పెద్దవి చేశాడా, లూబ్ సర్క్యూట్‌లో ఏమైనా మార్చాడా అడగండి. ఆయన ఫలానా సైజు లైన్ అనుకుని సెట్ చేసి ఉంటే నా మాట కంటే ఆయన మాట వినండి, లోపల చూసింది ఆయన.

పోయే లైన్ ఏది, వచ్చే లైన్ ఏది అన్నదాంట్లో ఊహ వద్దు. లైన్లు విప్పి, రెండు పోర్టుల దగ్గరా చిన్న హోస్ ముక్కలు తగిలించి డబ్బాలో పెట్టి, ఇంజిన్‌ను రెండు మూడు సెకన్లు తిప్పితే ఏది చిమ్ముతుందో అదే పోయే లైన్. ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఆ పోయే లైన్‌లో ఒకటి, పాన్‌లో (ట్రాన్స్‌మిషన్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట) ఒకటి పెట్టుకోగలిగితే చాలా తెలుస్తుంది. పోయే లైన్‌లోది బర్నౌట్ (రన్‌కి ముందు టైర్లు తిప్పి వేడెక్కించడం) తర్వాత ఒక్కసారిగా 120 దాటి చూపిస్తుంది, టెన్షన్ పడకండి, అది కన్వర్టర్ నుంచి అప్పుడే వచ్చిన ఆయిల్. మీరు ప్రతి రన్‌కీ ఒకేలా ఉంచుకోవాల్సింది పాన్ ఉష్ణోగ్రత. నేను అది 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు స్టార్టింగ్ లైన్ దగ్గరికి వెళ్తాను. ఆయిల్ వేడి మారితే కన్వర్టర్ జారే తీరు మారుతుంది, టైమ్ మారుతుంది, ముందే చెప్పిన టైమ్‌కి దగ్గరగా రావాల్సిన బ్రాకెట్ రేసింగ్ చేసేవాళ్లకి ఆ వందో వంతులే గెలుపూ ఓటమీ.

అన్నీ బిగించాక రెండు పరీక్షలు చెయ్యండి, ఇవి చెయ్యకుండా ట్రాక్‌కి వెళ్లొద్దు. ఒకటి బకెట్ పరీక్ష. రిటర్న్ లైన్‌ను కేస్ దగ్గర విప్పి కొలత గీతలున్న డబ్బాలో పెట్టి, ఆయిల్ వెచ్చగా ఉన్నప్పుడు, న్యూట్రల్‌లో ఐడిల్ మీద 20 సెకన్లు నడపండి. దాదాపు లీటరు రావాలి. మెకానిక్‌లు ఎంతో కాలంగా వాడే కనీస కొలత ఇది. మీ కారుకి అంతకంటే బాగానే రావాలి. తక్కువ వస్తే కూలర్‌ను తప్పించి మళ్లీ కొలవండి, తేడా ఎక్కడుందో అక్కడే తేలిపోతుంది. 20 సెకన్లకి మించి నడపకండి, పాన్ ఖాళీ అయి పంప్ గాలి పీలుస్తుంది, తీసినంత ఆయిల్ వెంటనే పోసేయండి.

రెండోది గేజ్ పరీక్ష. కేస్ నుంచి బయటికి వచ్చే చోట ఒక టీ ఆకారపు ఫిట్టింగ్, తిరిగి లోపలికి పోయే ముందు ఇంకొకటి, రెండిట్లో 0 నుంచి 100 పీఎస్ఐ గేజులు. రెండు రీడింగుల మధ్య తేడానే మీ లైన్లూ ఫిట్టింగులూ కూలరూ ఫిల్టరూ కలిసి తింటున్న ఒత్తిడి. ఆయిల్ 80 డిగ్రీలకి వచ్చాక 2,500 ఆర్‌పీఎం దగ్గర ఆ తేడా 15 దాటితే నేను ఆ కారును అలా వదలను, వెతుకుతాను. ఇది నా సొంత కొలత, నా అనుభవంలో తేడా పది లోపు ఉన్న కార్లలో బుష్‌లు నీలం కావడం నేను చూడలేదు. మొదటి రోజు రీడింగ్ రాసి పెట్టుకోండి. నెలరోజుల తర్వాత అదే ఉష్ణోగ్రతలో తేడా పెరిగిందంటే ఫిల్టరో కూలరో పూడుకుంటోందని ముందే తెలుస్తుంది.

ఫిల్టర్ పెట్టాలా అంటే పెట్టండి, రిటర్న్ వైపు, డాష్ 8 మూతులతో, అవసరమైతే పక్కదారి తెరుచుకునే వాల్వ్ ఉన్నది. ఎప్పుడైనా కన్వర్టర్ గానీ క్లచ్‌లు గానీ పాడైతే లైన్లు కడిగి వాడుకోవచ్చు గానీ పలకల కూలర్‌ను మాత్రం మార్చేయండి. ఆ సందుల్లో ఇరుక్కున్న రజను ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్త ట్రాన్స్‌మిషన్ మొదటి వేడికి అది వదిలి నేరుగా లూబ్‌లోకి పోతుంది.

ఆయిల్ లెవెల్ మళ్లీ చూసుకోవడం మర్చిపోకండి. 5 మీటర్ల డాష్ 8 లైన్ దాదాపు అర లీటరు పట్టుకుంటుంది, కొత్త కూలర్‌ది దానికి అదనం. ఇంజిన్ నడుస్తుండగా వేడి మీద చూసి పోయండి.

పిట్‌లో మీరు ఏం చేస్తున్నారో రాయలేదు కానీ కూలర్ వెనక పెట్టినవాళ్లకి ఇది తప్పక చెప్తాను. ఇంజిన్ ఆగితే పంప్ ఆగుతుంది, పంప్ ఆగితే కూలర్‌లో ఆయిల్ కదలదు, ఫ్యాన్ ఎంత తిరిగినా కూలర్‌లో ఉన్న ఆ కాస్త ఆయిలే చల్లబడుతుంది, కన్వర్టర్‌లోది అక్కడే మరుగుతూ కూర్చుంటుంది. రన్ అవగానే ఇంజిన్ ఆపి కారును లాగించుకుంటూ తెచ్చేవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు. ఇంజిన్ ఉష్ణోగ్రత ఒప్పుకుంటే వచ్చే దారంతా నడుపుతూ రండి, పిట్‌లో ఫ్యాన్ వేసి రెండు మూడు నిమిషాలు న్యూట్రల్‌లో ఐడిల్ చెయ్యండి. పార్క్‌లో కాదు న్యూట్రల్‌లో అని ఎందుకంటున్నానంటే, పాత టార్క్‌ఫ్లైట్ లాంటి కొన్ని ట్రాన్స్‌మిషన్లలో పార్క్‌లో ఉంటే కన్వర్టర్‌కి ఆయిల్ అందదు. మీ టర్బో 400కి ఆ ఇబ్బంది లేదు గానీ ఒకే అలవాటు ఉంటే ఏ కారులోనూ తప్పు జరగదు.

ఇక కొనాల్సినవి: డాష్ 8 టెఫ్లాన్ హోస్ ఆరు మీటర్లు, కోతకి కాస్త మిగిలేలా. దానికి సరిపోయే చివరి ఫిట్టింగులు, కేస్‌కి నేరు మర నుంచి డాష్ 8 అడాప్టర్లు రెండు, వాటి వాషర్లు నాలుగు, ఎందుకంటే రెండు ఎలాగూ విప్పి బిగించడంలో పోతాయి. అరమీటరుకొకటి చొప్పున రబ్బరు ఉన్న క్లాంపులు. బకెట్ పరీక్షలో ఎంత వచ్చింది, గేజుల మధ్య తేడా ఎంత ఉంది, ఈ రెండూ ఆయిల్ ఉష్ణోగ్రతతో సహా ఇక్కడ రాయండి, ఎక్కడైనా ఇరుకు ఉంటే ఆ అంకెలు చూసి వెతుకుదాం.